కెల్టులు దాచని పేరు



మన పల్లెల్లో పొద్దుగూకాక పామును పామనరు, పురుగంటారు. కాటేసినా ‘పురుగు ముట్టింది’ అనే చెబుతారు. పేరెత్తితే వస్తుందని భయం. ఉత్తర ఐరోపా అడవుల్లో బతికినవాళ్లకు ఆ భయం ఎలుగుబంటి మీద ఉండేది. జర్మానిక్ జాతులు దాని అసలు పేరు వదిలేసి ‘గోధుమరంగుది’ అన్నారు. ఇంగ్లీషు ‘బేర్’ అలా పుట్టిందేనని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. స్లావులు ‘తేనె తినేది’ అన్నారు. రష్యన్ ‘మెద్వేద్’ అదే.

ఐరిష్, వెల్ష్ భాషలకు మూలమైన భాష మాట్లాడిన కెల్టులు మాత్రం పాత పేరునే నోరారా పలికారు. పండితులు పునర్నిర్మించిన దాని రూపం ‘అర్తోస్’. జాంబవంతుణ్ణి ఋక్షరాజు అంటాం కదా, ఆ ఋక్షమూ ఈ అర్తోసూ ఒక తల్లి బిడ్డలు. మూలపదంలో త, క పక్కపక్కనే ఉండేవి. హిట్టైట్ ‘హర్తగ్గ’లో ఆ వరస ఇంకా కనిపిస్తుంది. గ్రీకులో అది తిరగబడి ‘అర్క్తోస్’ అయింది, సంస్కృతంలో ‘క్ష’గా మారింది. కెల్టిక్‌లో క జారిపోయి త మిగిలింది.

పలకడమే కాదు, కొలిచారు కూడా. స్విట్జర్లాండ్‌లో బెర్న్ పక్కన మూరి అనే ఊళ్లో 1832లో ఒక కంచు శిల్పం బయటపడింది. కుర్చీలో ఒక దేవత, ఒడిలో పళ్లు. ఎదురుగా పెద్ద ఎలుగుబంటి, దాని వెనక చిన్న చెట్టు. కింది పీఠం మీద లాటిన్‌లో ‘ఆర్తియో దేవికి, లికీనియా సబినిల్లా’ అని చెక్కి ఉంది. ఆ దేవి పేరులో ఉన్నది ఎలుగుబంటే. ఇరుగుపొరుగు నోటికి రానివ్వని పేరుతో కెల్టులు దేవతను పిలుచుకున్నారంటే, వాళ్ల భక్తి ఎంత చనువైనదో చూడండి!

తర్వాతి కాలంలో ఐర్లాండ్ మనసు మార్చుకుంది. అక్కడ ‘ఆర్ట్’ అనే మాట వీరుడికీ, మనుషుల పేర్లకీ మిగిలింది. జంతువుకు ‘మథ్‌గమన్’ అనే కొత్త పేరు వచ్చింది. దాన్ని ‘మంచి దూడ’ అని విడదీసి చెబుతారు. ఐర్లాండ్‌లో ఎలుగుబంట్లు చరిత్రకు ముందే అంతరించాయి. అయినా 976లో హతుడైన మన్‌స్టర్ రాజు పేరు మథ్‌గమనే. ‘మథ్‌గమన్ కొడుకు’ అనే ఇంటిపేరు ఇంగ్లీషులో మెక్‌మహాన్ అయింది. 1914 సిమ్లా సమావేశం నాటి మెక్‌మహాన్ రేఖకు పేరిచ్చిన హెన్రీ మెక్‌మహాన్‌ది ఆ ఇంటిపేరే.

వెల్ష్‌లో పాత మాట జంతువు పేరుగా నేటికీ నిలిచింది. అక్కడ ఎలుగుబంటి ‘ఆర్థ్’. ఇది వినగానే ఆర్థర్ రాజు గుర్తొస్తాడు. ఆయన పేరుకు ‘ఎలుగు రాజు’ అని అర్థం చెప్పేవాళ్లున్నారు. ఆ వాదన నాకు నిలిచేలా కనబడదు. ఎలుగుకు రాజు చేరిస్తే వెల్ష్ ధ్వని నియమాల ప్రకారం ‘ఆర్థ్రి’ అవుతుంది. రోమన్ల ‘ఆర్తోరియస్’ నుంచి మాత్రం ఆర్థర్ ఏ అడ్డూ లేకుండా వస్తుంది.