‘వాళ్ళంతా అంతే’: మన పిల్లలకు బుద్ధుని ప్రశ్నలు

(సూరత్‌లోని తెలుగు బౌద్ధాభిమానుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

బడి పిల్లల మనస్సులలో పాతుకొనే మూస ముద్రలను గురించి మాట్లాడవలసినదిగా నిర్వాహకులు మమ్మల్ని కోరినారు. ఈ విషయానికి సూరత్ కంటె తగిన ఊరు అరుదు. లింబాయత్, ఉధ్నా ప్రాంతాలలో మగ్గాన్ని నమ్ముకొని తెలంగాణ నుండి వచ్చిన కుటుంబాలు, ఖాందేశ్ మరాఠీలు, గంజాం ఒడియాలు, ఉత్తరప్రదేశ్, బీహార్ కార్మికులు పక్కపక్కనే బ్రతుకుతున్నారు. నగరపాలక సంస్థ గుజరాతీతో పాటు మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా, తెలుగు మాధ్యమాలలో కూడ బడులు నడుపుతున్నది. ఇన్ని భాషలు కలిసిన చోట పిల్లలకు ఒకరిని గురించి ఒకరికి ఎంతో తెలిసి ఉండాలి. తెలిసేది మాత్రం తరచుగా ఒక్కొక్క మాటే: వీడు మద్రాసీ, వాడు భయ్యా, వీళ్ళు మురికివాళ్ళు, వాళ్ళు తాగుబోతులు. మన బిడ్డను ఎవరైనా ‘మద్రాసీ’ అని వెక్కిరిస్తే మనకు నొప్పి కలుగుతుంది. అదే బిడ్డ సాయంత్రం ఇంటికి వచ్చి పక్కింటి ఒడియా కుర్రవాడిని ఇంకొక మాట అంటే మన చెవికి ఎక్కదు.

ముద్ర అంటే ఏమిటో చెప్పడానికి ఈ ఊరి కథే చాలును. 1994 సెప్టెంబరులో ఇక్కడ ప్లేగు వచ్చినదన్న వార్తతో లక్షల మంది ఊరు విడిచి పోయినారు. సూరత్ నుండి వచ్చినవాడంటే చాలు, ఎక్కడి జనమైనా అనుమానంగా చూసినారు. కొన్ని దేశాలు భారతదేశానికి విమానాలనే ఆపివేసినవి. అంటే సూరత్‌కు పడిన ముద్ర దేశమంతటికీ అంటుకొన్నది. ఊరి లోపల మాత్రం నింద మురికివాడల మీదికి, వలస కూలీల మీదికి మళ్ళినది. మరుసటి సంవత్సరం నుండి కమిషనర్ ఎస్.ఆర్. రావు హయాములో చెత్త ఎత్తే పద్ధతి, కాలువలు, అధికారుల జవాబుదారీతనం మారినవి. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్‌తో సమానంగా సూరత్‌కు ప్రథమ స్థానం దక్కినది. వలసలు ఆగలేదు, కూలీలు వెళ్ళిపోలేదు, ఏర్పాట్లు మారినవి. మురికి మనిషి పుట్టుకలో ఉన్నదా, ఎత్తని చెత్తకుప్పలో ఉన్నదా అని తెలుసుకోవడానికి ఇక్కడి పిల్లలకు పాఠ్యపుస్తకం అక్కరలేదు. తాతను అడిగితే చాలును.

ఊరి ముద్ర చెరిగినది. మనుషుల మీద వేసినది అంత తేలికగా చెరగదు. 1871లో ఆంగ్లేయ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చి, కొన్ని తెగలలో పుట్టడమే నేరమన్నట్లు నమోదు చేసినది. మన బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం ఎరుకల వారి కోసం సాల్వేషన్ ఆర్మీ నడిపిన అటువంటి సెటిల్‌మెంటే. 1952లో చట్టం రద్దయినది. అయినా 1991లోను, 2023లోను ఆ ఊరిని దొంగల ఊరుగా చూపిన సినిమాలు మనం టిక్కెట్టు కొని చూసినాము. ఆ ఊరి బిడ్డ కొత్త బడిలో తన ఊరి పేరు చెప్పవలసి వచ్చినప్పుడు ఏమగునో ఆలోచించండి. చట్టసభ రద్దు చేసినదానిని వెండితెర కొనసాగించినదని మా అభిప్రాయం.

గుజరాత్‌లో అదే ముద్రను మోసినవారు అహమ్మదాబాదు ఛారానగర్‌లోని ఛారాలు. అక్కడి యువకులు 1998లో మహాశ్వేతాదేవి, గణేశ్ దేవిల ప్రోత్సాహంతో బుధన్ థియేటర్ స్థాపించినారు. బెంగాల్‌లో పోలీసు నిర్బంధంలో మరణించిన బుధన్ శబర్ కథ వారి మొదటి నాటకం. దొంగ అన్న మాటకు తిట్టుతో జవాబు చెప్పలేదు. చూసేవారి ఎదుట నిలబడి, తమ బ్రతుకు చూపించినారు.

ఇప్పుడు ధమ్మం వద్దకు వద్దాము. మజ్ఝిమ నికాయంలో అస్సలాయన సుత్తం ఉన్నది. తమ వర్ణమే శ్రేష్ఠమని బుద్ధునితో వాదించడానికి శ్రావస్తిలోని బ్రాహ్మణులు పంపినది పండితుడైన ఒక కుర్రవాడిని. వయస్సు పదహారు! అంటే నేటి లెక్కలో పదవ తరగతి దాటిన పిల్లవాడు. తథాగతుడు అతనికి ఉపన్యాసం ఇవ్వలేదు, ప్రశ్నలు అడిగినాడు. బ్రాహ్మణ స్త్రీలు కూడ అందరు తల్లుల వలెనే గర్భం ధరించి, కని, పాలివ్వడం లేదా? యోన, కాంబోజ దేశాలలో యజమాని, దాసుడు అని రెండే వర్ణాలు ఉన్నవని, వారు తారుమారు కూడ అవుతారని వినలేదా? చండాలుడు నాసిరకం కట్టెతో రగిల్చిన నిప్పుకు వేడి, వెలుగు ఉండవా? ప్రతి ప్రశ్నా కంటితో చూసి, లేదా చెవితో విని తేల్చుకోదగినది. కుర్రవాడు మాట రాక తలవంచినాడు. అప్పుడు కూడ తథాగతుడు అతనిని చిన్నబుచ్చలేదు. ఏడుగురు ఋషులు సైతం ఇటువంటి ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయిన పాత కథ వినిపించినాడు.

బడిలో, ఇంటిలో మనం చేయవలసినది ఇదే అని మేము భావిస్తాము. ‘అందరూ సమానమే’ అని పిల్లలచేత వల్లె వేయిస్తే పరీక్షలో వ్రాస్తారు, ఆటస్థలంలో మరచిపోతారు. ‘వాళ్ళంతా అంతే’ అని బిడ్డ అన్నప్పుడు చెంప మీద కొట్టవద్దు, నలుగురిలో సిగ్గుపరచవద్దు. అట్లా చేస్తే మాట లోపలికి పోతుంది, అభిప్రాయం అక్కడే ఉంటుంది. ఎవరు చెప్పినారు, నీవు ఎందరిని చూసినావు, ‘అంతా’ తీసి ‘కొందరు’ పెడితే ఆ మాట నిలుస్తుందా, అది మనలో ఎవరికీ వర్తించదా అని అడగండి. పొగడ్తలో దాగిన ముద్రను కూడ ఇట్లాగే అడగవచ్చు. గుజరాతీలంతా పుట్టు వ్యాపారులే అంటారు. డాంగ్ అడవులలో ఉన్న ఆదివాసీలు గుజరాతీలు కారా?

కష్టమైన మాట ఒకటి మిగిలినది. ధమ్మదీక్ష తీసుకొన్న ఇళ్ళలో కూడ, ఫలానా కులం వాళ్ళంతా పుట్టుకతోనే కపటులన్న మాట పిల్లల ముందు దొర్లుతున్నది. గాయపడినవారి కోపం మాకు తెలుసు. కుల వ్యవస్థను, దానితో లాభపడేవారిని పేరు పెట్టి విమర్శించవలసిందే. కాని పుట్టుకను బట్టి గుణాన్ని నిర్ణయించడం అస్సలాయనుడు తెచ్చిన వాదమే, మనిషి మాత్రమే మారినాడు. 1927 డిసెంబరు 25న మహాడ్‌లో బాబాసాహెబ్ నాయకత్వంలో మనుస్మృతిని దహనం చేసినప్పుడు, ఆ తీర్మానం ప్రతిపాదించినవారు గంగాధర్ నీలకంఠ సహస్రబుద్ధే. ఆయన బ్రాహ్మణుడు. ఈ సంగతి కూడ మన పిల్లలకు చెప్పవలెను.

నిర్వాహకులకు ఒక విన్నపం. వచ్చే బుద్ధ పూర్ణిమకు అస్సలాయన సుత్తాన్ని పిల్లలచేత చిన్న నాటకంగా ఆడించండి. తెలుగు పిల్లలతో పాటు వీథిలోని ఒడియా, మరాఠీ, హిందీ పిల్లలను కూడ పిలవండి. ప్రశ్నలు ఏ భాషలో అడిగినా ఫరవాలేదు. అస్సలాయనుడి వేషం వేసేవాడికి పదహారేళ్ళు నిండి ఉండనక్కరలేదు.