ఓటరు వాకిటనే తొలి పాఠము

(పట్టభద్రులైన మన యువతీయువకుల సన్మాన సభలో చేసిన ఉపన్యాసము)



మేము ఎస్.ఎస్.ఎల్.సి.తో చదువు చాలించి అంగడి గద్దె నెక్కినవారము. పట్టభద్రులకు బుద్ధులు చెప్పునంతటి విద్య మాకు లేదు. ఐనను కార్యవర్గమువారు ఈ విషయమును మాకే అప్పగించుటకు కారణము కలదు. పూర్వము మన యిండ్లలో చదువు ముగిసిన కుమారుని ముందు రెండే దారులుండెడివి: అంగడియా, ఉద్యోగమా? ఇప్పుడు మూడవ దారి నడుగువారు బయలుదేరినారు. రాజకీయ ప్రచారమున చేరుదుము, ఇల్లిల్లు తిరిగి ఓటర్లను కలియుదుము, ప్రజాకార్యమే మా వృత్తి యగును అనుచున్నారు. అట్లడిగినవారిలో మొదటివాడు మా అన్నగారి కుమారుడే. కావున ఈ ప్రశ్న మాకు సభలో పుట్టినది కాదు. భోజనపు పీటల మీద పుట్టినది.

ముందుగా ఒక మాట. మన సంఘము ఏ పక్షమునకును చెందినది కాదు. ఏ పక్షమున చేరవలెనో మేము చెప్పబోము. ఎట్లు నడువవలెనో మాత్రమే చెప్పుదుము.

ఈ దారి మనకు క్రొత్తది కాదని మొదట గ్రహింపవలెను. తెలుగు కన్నడములు రెండును వినబడు కోలారు సీమలోని క్యాసంబళ్ళి గ్రామమున పుట్టిన కె. సి. రెడ్డిగారు న్యాయశాస్త్రము చదివిరి. చదువు ముగిసిన పిదప మిత్రులతో కూడి ప్రజాపక్షమను సంఘము నెలకొల్పి, రైతుల నడుమ పని చేసిరి. ఆ వర్గము 1937లో కాంగ్రెసులో కలసినది. పదియేండ్లకు, 1947 అక్టోబరులో, ఆయన మైసూరు రాష్ట్రమునకు తొలి ముఖ్యమంత్రి యైరి. నెల్లూరు సీమయందలి అలగానిపాడునుండి వచ్చిన పుచ్చలపల్లి సుందరయ్యగారు 1930లో, పదునేడేండ్ల వయసున, మదరాసులో కళాశాల విడిచి సత్యాగ్రహమునకు పోయిరి. చెరనుండి వచ్చిన పిదప స్వగ్రామమున వ్యవసాయ కూలీలను కూడగట్టిరి. ఆచార్య రంగాగారు ఆక్స్‌ఫర్డులో చదివి వచ్చి, మదరాసులో పాఠములు చెప్పి, 1930లలో నిడుబ్రోలునందు రైతు విద్యాలయము పెట్టి పల్లె యువకులకు ప్రజాకార్యమున శిక్షణ యిచ్చిరి. ఈ ముగ్గురి పక్షములు వేరు, మార్గములు వేరు. ఒక్కటి మాత్రము సమానము. మువ్వురును వేదిక నెక్కుటకు ముందు వాకిళ్ళు తొక్కిరి.

మన కాలమునకు దగ్గరి యుదాహరణమును కలదు. జయప్రకాశ్ నారాయణ్‌గారు వైద్యము చదివి, ఐ.ఏ.ఎస్.లో పని చేసి, 1996లో ఆ కొలువు విడిచి లోక్‌సత్తా ఉద్యమము నారంభించిరి. పదియేండ్లు పక్షము లేకయే ప్రచారము చేసిరి. 2006లో పక్షము స్థాపించి, 2009లో కూకట్‌పల్లినుండి శాసనసభకు పోయిరి. ప్రజాకార్యమునకు ప్రవేశద్వారము పదవి యొక్కటియే కాదనుటకు ఇది నిదర్శనము.

ఇక వ్యాపారస్థుల ప్రశ్న యడుగుదము: దీనిలో తిండి గడచునా? నిజము చెప్పవలెను. పక్షముల పనిలో అధిక భాగము జీతము లేనిది. ఎన్నికలు వచ్చినప్పుడు సర్వేలు చేయువారు, సామాజిక మాధ్యమములు చూచువారు, ప్రచార సలహా సంస్థలు చదివిన పిల్లలకు జీతమిచ్చి పెట్టుకొనుట ఇటీవలి పదేండ్లుగా పెరిగినది. 2019లో ఆంధ్రప్రదేశ్ ఎన్నికలందు అట్టి సంస్థ పేరు ఇంటింట వినబడినది. కాని అది దీపావళి టపాకాయల అంగడి వంటిది. పండుగ దినములలో నిలువ తీరిక యుండదు. మరునాడు బల్లలు మడిచి పెట్టవలెను. ఏడాది పొడుగునా పని నేర్పు మార్గములును కొన్ని కలవు. పార్లమెంటు సభ్యునకు శాసన విషయములందు తోడ్పడుటకై పట్టభద్రులను సుమారు ఏడాది పాటు నియమించు లాంప్ అను శిక్షణ 2010నుండి జరుగుచున్నది. న్యాయవాద వృత్తి, పత్రికా రచన, పౌరసంఘముల పని వీనికి దగ్గరి దారులు. ఒక కాలు జీవనోపాధిపై నుంచి రెండవ కాలితో ప్రజాకార్యమున నడచువాడు చిరకాలము నడువగలడు. రెండు కాళ్ళును అందులోనే పెట్టినవాడు మూడవ ఎన్నిక నాటికి ఎవరి చేతికో చూచువాడగును. అప్పుడు వాని నోట సత్యము వెడలుట కష్టము.

ఇప్పుడు మా తప్పు ఒకటి మీ ముందుంచవలెను. 2023 శాసనసభ ఎన్నికలకు మూడు నెలల ముందు ఒక అభ్యర్థి మా అంగడికి వచ్చిరి. మన సంఘ భవనపు కప్పు వానకు కారుచుండుట మీరెరుగుదురు. “కప్పు మేము వేయింతుము, మీవారి ఓట్లు మాకు చూడుడు” అనిరి. మేము కాఫీ తెప్పించి, “మావారి ఓట్లు ఎక్కడికిని పోవు” అని మాట యిచ్చితిమి. గొప్ప బేరము కుదిరినదని ఆ రాత్రి సుఖముగా నిదురించితిమి.

మా అన్నగారి కుమారుడు అప్పుడే బి.కాం. ముగించి యుండెను. పని నేర్చుకొందునని అడుగుచుండెను గదా యని, మనవారి యిండ్లకు వానినే పంపితిమి. వాడు ఓటర్ల జాబితా చేతబట్టుకొని 40 ఇండ్లు తిరిగి వచ్చెను. 11 ఇండ్లలో పదునెనిమిదేండ్లు నిండిన పిల్లల పేర్లు జాబితాలోనే లేవు. కొన్ని యిండ్లవారు పేట మారి యేండ్లు గడచినను ఓటు పాత చిరునామాయందే యుండెను. గతించిన పెద్దల పేర్లు మాత్రము భద్రముగా నుండెను. మేము అమ్మజూపిన సరుకులో సగము మా కొట్టులోనే లేదన్నమాట!

అంతకన్న పెద్ద మాట ఒక ముసలి అవ్వ చెప్పినది. “మనవారందరు ఫలానావారికే వేయుదురని మా చిన్నాయన మాటిచ్చినారవ్వా” అని వీడు చెప్పగా, ఆమె బియ్యము చెరుగుట ఆపి, “నా ఓటు మీ చిన్నాయన చేతికి ఎవరిచ్చిరి నాయనా?” అని యడిగినదట. వాడు ఆ ప్రశ్నను తెచ్చి మా గద్దె ముందు పెట్టి, “దీనికి నేనేమి జవాబు చెప్పవలె చిన్నాయనా?” అనెను. మాకు జవాబు దొరకలేదు.

వాడు చట్టమును కూడ చూచి వచ్చెను. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము 123వ విభాగము ప్రకారము ఓటు నిమిత్తము కానుక యిచ్చుటయే కాక పుచ్చుకొనుటయు అవినీతికరమైన కార్యము. మతము, జాతి, కులము, సమాజము, భాష అను వాని పేరిట ఓటడుగుటయు అట్టిదే. 2017 జనవరి 2వ తేదీన సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, నలుగురు ఒకవైపు ముగ్గురు ఒకవైపుగా, ఈ నిషేధము అభ్యర్థి భాషకే కాదు, ఓటరు భాషకును వర్తించునని తీర్పు చెప్పినది. మనబోటి భాషా సంఘములవారు ఈ తీర్పును గోడపై వ్రాసికొనదగును. మన పిల్లలకు మాతృభాషలో ప్రాథమిక విద్య కావలెనని అడుగుటకు రాజ్యాంగము 350ఎ అధికరణము ఆధారమిచ్చుచున్నది. ఆ కోరికను ఏ కాలమందైనను, ఏ ప్రభుత్వమునైనను తలయెత్తి అడుగవచ్చును. ఓట్ల మూటను తక్కెడలో పెట్టి అడుగనక్కరలేదు.

మరునాడు మేమే ఆ అభ్యర్థి యింటికి పోయి, మాట యిచ్చు హక్కు మాకు లేదని చెప్పి వచ్చితిమి. కార్యవర్గమున కొందరికి కోపము వచ్చినది; చేతికి వచ్చిన కప్పును కాలదన్నితిమని యిప్పటికిని అనువారు కలరు. వారి మాటలో అబద్ధము లేదు.

చిరంజీవులారా, ఇందుండి మేము నేర్చినదే మీకు చెప్పదలచినది. ప్రచారకుడు అభ్యర్థి మాటను ఓటరునొద్దకు మోయువాడు మాత్రమే కాదు. ఓటరు మాటను అభ్యర్థి యొద్దకు మోయుట వాని పనిలో గొప్ప సగము. ఆ రెండవ సగము చేయనివాడు దళారి యగును. బెంగుళూరు తెలుగువారిలో చదువుకొన్న పిల్లవాడు రాజకీయమున అడుగు పెట్టగానే “మీ తెలుగు ఓట్లెన్ని?” అని యడుగువారు ఎదురగుదురు. ఆ ప్రశ్నకు లెక్క చెప్పిన దినమున మీరు దళారులైతిరని తెలిసికొనుడు.

కావున మొదటి పని జాబితా. క్రొత్త పేరు చేర్చుటకు 6వ నమూనా, తొలగింపునకు 7వది, చిరునామా మార్పునకు, తప్పులు దిద్దుటకు 8వది. పూర్వము జనవరి 1వ తేదీకి పదునెనిమిదేండ్లు నిండినవారికే ఆ యేడు అవకాశముండెడిది. 2022నుండి ఏప్రిలు, జూలై, అక్టోబరు నెలల మొదటి తేదీలును లెక్కకు వచ్చినవి. మీ వీధికి నియమితులైన బూత్ స్థాయి అధికారి ఎవరో తెలిసికొనుడు. ఏ పక్షమువాని పేరైనను చేర్పింపుడు. మీ పక్షమువారినే చేర్పించినచో అది సేవ కాదు, బేరము.

రెండవ పని కన్నడము. మనలో పెక్కుమంది చక్కగా మాటలాడుదురు. చదువుట, వ్రాయుట మాత్రము కొందరికి అలవడలేదు. వార్డు కచేరీలో కన్నడమున అర్జీ వ్రాయలేనివాడు ఈ నగరమున ప్రజాసేవకుడు కాజాలడు. తెలుగు మన యింటి దీపము. కన్నడము మన వీధి దీపము. రెండును వెలుగవలెను.

మూడవది, నియమములు. పోలింగు ముగియు సమయమునకు ముందు 48 గంటలు బహిరంగ ప్రచారము నిషిద్ధము. పోలింగు కేంద్రమునకు 100 మీటర్లలో ఓటడుగరాదు. ఏజెంటుగా కూర్చుండువారు, పోలైన ఓట్ల లెక్క తెలుపు 17సి పత్రమును అడిగి తీసికొనకుండ ఇంటికి రారాదు.

ఇంత చిన్న పనులతో ఏమగునని యడుగుదురేమో. 2023లో రాష్ట్రమంతట నూటికి 73 మంది ఓటు వేయగా, మన నగరమున 55 మంది ప్రాంతమునకే ఆగిరి. ఆ యెన్నికలోనే జయనగర నియోజకవర్గమున 16 ఓట్ల తేడాతో ఫలితము ప్రకటింపబడినది. పదునారు ఓట్లనగా మన వీధులలో నాలుగైదు యిండ్లు! నగరపాలిక సంగతి చూడుడు. 2015లో 198 వార్డులకు ఎన్నికైన సభ్యుల గడువు 2020 సెప్టెంబరున ముగిసినది. అటుపిమ్మట ఐదేండ్లు గడచినను ఎన్నికైన సభ్యుడు లేకయే మన కాలువలు, మన చెత్త, మన దీపములు నడచినవి. 2025లో నగరమును ఐదు పాలికలుగ విభజించిరి. నగరపాలికకు పోటీ చేయుటకు 21 ఏండ్లు నిండిన చాలును. శాసనసభకైనచో 25 నిండవలెను. యువకులు ప్రజాకార్యము నేర్వదగిన బడి వార్డే.

తలిదండ్రులకు ఒక మనవి. బిడ్డ ఈ దారిన పోదునన్నప్పుడు, చెడిపోయెనని యేడువకుడు. మంత్రి యగునని మురియకుడు. రెండేండ్లు గడువిండు. వాడు ఎవరి కారులో తిరుగుచున్నాడని కాక, ఎవరి యింటికి కాలినడకన పోవుచున్నాడని విచారింపుడు. ఆడుబిడ్డలు పోదుమన్నచో తోడు పంపుడు గాని ఆపకుడు. వారు మాత్రమే వంటింటి గడప దాటి వినగల కష్టములు పెక్కు కలవు.

మా అన్నగారి కుమారుడిప్పుడు పగలు ఒక న్యాయవాది యొద్ద పని చేయుచు, సాయంకాలము న్యాయశాస్త్రము చదువుచున్నాడు. ఆదివారములు జాబితాతో వీధులు తిరుగుచున్నాడు. ఏ పక్షమున చేరునో మాకు తెలియదు, మేమడుగలేదు. మా అన్నగారికి మాత్రము అంగడి గద్దె ఖాళీగా నుండునను దిగులు తీరలేదు. ఆ దిగులును మేము తేలిక చేసి మాటలాడజాలము. మూడు తరముల అంగడి యది.

చివరి మాట. వాన వచ్చినచో ఆ తూర్పు మూలన కూర్చున్నవారు ఇటు జరుగవలసి యుండును. అచ్చటనున్న బిందె అందుకే. దాని చప్పుడు విన్నప్పుడెల్ల మాకు ఆ అవ్వ ప్రశ్న వినబడును. ఆ కప్పును మన చందాలతోనే వేయుదము. కార్యదర్శిగారి యొద్ద పుస్తకమున్నది. మొదటి పుటలో మా పేరు వ్రాసితిమి, తక్కిన పుటలు మీవి.