పెన్షనరుకు అండమాన్ దీవులు దూరమా?

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిలు, మెడికల్ బిల్లులు, ఫ్యామిలీ పెన్షను విషయాలు ఉదయం నుంచి చర్చించుకున్నాం. భోజనాల ముందు కాసేపు మా అండమాన్ యాత్ర గురించి మాట్లాడమని కార్యదర్శిగారు ఆదేశించారు. సరదాగానే మాట్లాడతాను గాని, నేను చెప్పదలచుకున్న విషయం మాత్రం కేవలం సరదాది కాదు.

మన ఇళ్ళల్లో తరచుగా వినిపించే మాట ఒకటుంది. "ఈ వయసులో మనకెందుకండీ ఈ తిరుగుళ్ళు? ఆ డబ్బుంటే పిల్లలకైనా పనికొస్తుంది." ఉద్యోగంలో ఉండగా సెలవు దొరకలేదు. తర్వాత పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు, ఇంటి అప్పు. ఇప్పుడేమో మోకాళ్ళు. బదిలీ అయిన ప్రతిసారీ సామాను సర్దడమే తప్ప మా శ్రీమతి ముప్ఫయ్యేళ్ళలో చూసిన ఊళ్ళన్నీ మా ఆఫీసున్న ఊళ్ళే. అందుకని గత ఏడాది నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చేసి, డిసెంబరులో ఇద్దరం బయలుదేరాం. పదహారు రోజులు ఉండి వచ్చాం.

మిత్రులారా, ఉద్యోగస్థుడి దగ్గర డబ్బుంటుంది, రోజులుండవు. అయిదు రోజుల సెలవులో విమానం, ట్యాక్సీ, వేగంగా వెళ్ళే ప్రైవేటు బోటు అన్నీ కొనుక్కోవాలి. మన లెక్క దీనికి తలకిందులు. మనకు డబ్బు పరిమితం, రోజులు పుష్కలం. అండమాన్‌లో చౌకైనవన్నీ నెమ్మదిగా నడిచేవే: పెద్ద నౌక, ప్రభుత్వ ఫెర్రీ, సిటీ బస్సు. అంటే ఆ దీవులు మనలాంటి వారికే అనువైనవన్నమాట.

ముందుగా ప్రయాణం సంగతి. ప్రధాన భూభాగం నుంచి ప్రయాణికుల నౌకలు చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం రేవుల నుంచి నడుస్తాయి. విశాఖ నుంచి నడిచేవి తక్కువ. తేదీ ప్రకటించిన తర్వాతే మిగతా ఏర్పాట్లు చేసుకోవాలి. మేము విశాఖలో ఎక్కాం. రెండున్నర మూడు రోజుల ప్రయాణం. అన్నిటికన్నా చౌక బంక్ క్లాసు. పెద్ద హాలులో వరుసగా పై బెర్తులు, కింది బెర్తులు ఉంటాయి. మన వయసుకు అది కష్టం. కాస్త ఎక్కువైనా క్యాబిన్ తీసుకోండి. పొదుపు అంటే ఒంటిని హింసపెట్టుకోవడం కాదు. నౌకలో డాక్టరు ఉంటారు, అయినా వాంతుల మాత్రలు మీ దగ్గర ఉంచుకోండి. ఓడ ఎక్కే మెట్లు నిటారుగా ఉంటాయి కనుక మీరు స్వయంగా మోయగలిగినంత సామానే పట్టుకెళ్ళండి. తిరుగు ప్రయాణం మాత్రం విమానంలో చెన్నై చేరాం. ఒకవైపు నౌక, ఒకవైపు విమానం మన వయసుకు సరిపోయే పద్ధతి.

పేర్ల విషయంలో తికమక పడకండి. పోర్ట్ బ్లెయిర్‌ను 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అన్నారు. అంతకుముందే 2018 డిసెంబరులో హావ్‌లాక్‌ను స్వరాజ్ ద్వీప్ అని, నీల్‌ను షహీద్ ద్వీప్ అని, రాస్ దీవిని నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అని మార్చారు. కాగితాల మీద కొత్త పేర్లు, జనం నోట పాత పేర్లు. రెండూ రాసి పెట్టుకోండి.

ఊళ్ళో అబర్డీన్ బజారుకు దగ్గరలో గది తీసుకుంటే బస్సులు, హోటళ్ళు, సెల్యులర్ జైలు అన్నీ అందుబాటులో ఉంటాయి. ఒకరోజు చాథం నుంచి బంబూఫ్లాట్‌కు వెళ్ళే ఫెర్రీ ఎక్కాం. స్కూటర్లు, జీపులు, కూరగాయల బుట్టలు, ఆఫీసుకు వెళ్ళేవాళ్ళు అందరూ అందులోనే. టిక్కెట్టు నామమాత్రం. అక్కడి నుంచి ఆటోలో మౌంట్ హారియట్ కొండకు వెళ్ళవచ్చు. 2021లో దానికి మౌంట్ మణిపూర్ అని పేరు పెట్టారు. 1891 యుద్ధం తర్వాత మణిపూర్ వీరులను ఖైదీలుగా అక్కడ ఉంచారు. పాత ఇరవై రూపాయల నోటు వెనక కొబ్బరి చెట్లు, సముద్రం, లైట్‌హౌసు ఉండేవి జ్ఞాపకముందా? ఆ దృశ్యం ఆ కొండ దారిలోనిదే. ఎన్ని వందల నోట్లు లెక్కపెట్టామో గాని, ఆ బొమ్మ వంక మనం ఎన్నడైనా చూశామా?

జంగ్లీఘాట్ చేపల రేవు దగ్గర మా శ్రీమతి ఏదో అనగానే ఒక పెద్దావిడ, "ఏ ఊరమ్మా మనది?" అని పలకరించింది. వాళ్ళ పెద్దలు శ్రీకాకుళం నుంచి వచ్చారట. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్ళి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల్లో సుమారు పదమూడు శాతం మంది మాతృభాష తెలుగు. భాష రాదనే భయం పెట్టుకోనక్కరలేదు.

సెల్యులర్ జైలును 1906 నాటికి కట్టారు. ఏడు రెక్కల్లో మూడే మిగిలాయి. ఒక్కొక్కరికి ఒక్కొక్క గది, ఒక ఖైదీకి మరొక ఖైదీ ముఖం కనబడని ఏర్పాటు. 1922–24 నాటి రంప పోరాటంలో పట్టుబడిన మన మన్యం వారు కొందరిని కూడా ఈ దీవులకే పంపారు. కొండల్లో పుట్టి పెరిగిన మనుషులు, చుట్టూ సముద్రం! ఆ గదిలో నిలబడినప్పుడు మా ఇద్దరికీ మాట రాలేదు. అంత తక్కువ ప్రవేశ రుసుముతో అంత పెద్ద విషయం నేను మరెక్కడా చూడలేదు.

ఇక దీవి నుంచి దీవికి. ఫీనిక్స్ బే జెట్టీ నుంచి హావ్‌లాక్‌కు, నీల్‌కు ప్రభుత్వ ఫెర్రీలు వెళ్తాయి. సుమారు రెండు, రెండున్నర గంటలు. ప్రైవేటు బోట్లలో సమయం తక్కువ, ఖర్చు చాలా ఎక్కువ. ప్రభుత్వ ఫెర్రీ స్థానికులకు నిత్యావసరం కనుక సీట్లు త్వరగా నిండిపోతాయి. ఈరోజు దొరక్కపోతే రేపు వెళ్ళగలగాలి. రోజులున్న వాడికే ఆ చౌక టిక్కెట్టు దక్కుతుంది. హావ్‌లాక్‌లో రాధానగర్ తీరం విశాలంగా, నడవడానికి హాయిగా ఉంటుంది. నీల్ చిన్న దీవి, కూరగాయల తోటలకు పేరు. తీరాల పేర్లు భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, సీతాపూర్. ఇంట్లో ఉన్నట్టే అనిపిస్తుంది! డిసెంబరులో అక్కడ సాయంత్రం అయిదు గంటలకే సూర్యుడు అస్తమిస్తాడు. చూడవలసినవన్నీ ఉదయమే చూసుకోవాలి. మొసళ్ళ హెచ్చరిక బోర్డు ఉన్నచోట నీళ్ళలో దిగవద్దు. గవ్వలు, పగడాలు ఏరి తెచ్చుకోవద్దు, చట్టం ఒప్పుకోదు. జరావా తెగవారుండే అడవి దారిలో వెళ్ళవలసి వస్తే బండి ఆపకూడదు, ఫొటోలు తీయకూడదు. వాళ్ళు మనకు ప్రదర్శన వస్తువులు కారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మేము నీల్‌లో ఉండగా వాయుగుండం పట్టి రెండు రోజులు ఫెర్రీలు ఆగిపోయాయి. మా లాడ్జిలోనే మరో రిటైర్డు దంపతులున్నారు. ఆరు రోజుల ప్యాకేజీ, మర్నాడే విమానం. బి.పి. మాత్రలు సరిగ్గా ఆరు రోజులకే తెచ్చుకున్నారు. విమానం టిక్కెట్టు పోయింది, రెండో రోజుకు మాత్రలూ అయిపోయాయి. దీవిలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు పుణ్యమా అని గండం గడిచింది. పెద్ద జబ్బయితే సముద్రం దాటి పోర్ట్ బ్లెయిర్ పెద్దాసుపత్రికి పోవలసిందే. 2016 డిసెంబరులో తుపాను వచ్చినప్పుడు ఈ రెండు దీవుల్లో చిక్కుకున్న వెయ్యిమందికి పైగా యాత్రికులను నౌకాదళం వెళ్ళి తీసుకురావలసి వచ్చింది. సముద్రానికి మన రిజర్వేషన్లతో పనిలేదు.

కనుక నా మనవి మూడు మాటలు. ఒకటి, విమానానికి ముందు కనీసం రెండు రోజులు ఖాళీగా పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంచుకోండి. మాకు ఆ రెండు రోజులే నీల్‌లో ఖర్చయ్యాయి, వేరే నష్టం లేదు. రెండు, మందులు అవసరమైన దానికన్నా పది రోజులు ఎక్కువ తీసుకెళ్ళి, రెండు సంచుల్లో విడివిడిగా పెట్టండి. డాక్టరు చీటీ నకలు దగ్గరుంచుకోండి. మూడు, నాలుగైదు దీవుల మీద ఆశపడకండి. రెండు చాలు. దీవి పెరిగిన కొద్దీ బోటు ఖర్చు, ఎక్కి దిగే శ్రమ పెరుగుతాయి.

నీల్‌లో ఫెర్రీ లేని ఆ రెండు రోజులు వానలో వరండాలో కూర్చున్నాం. వంట లేదు, ఆఫీసు లేదు. మా శ్రీమతి తన చిన్నప్పటి కబుర్లు చెప్పింది. నలభై ఏళ్ళ కాపురంలో నేను వినని కబుర్లు చాలానే ఉన్నాయని అప్పుడు తెలిసింది. పిల్లలకు మనం ఇవ్వగలిగింది ఇచ్చాం, ఇంకా ఇస్తాం. కాని జీవితకాలం మనతో బదిలీలు తిరిగిన మనిషికి ఇవ్వవలసింది మిగిలే ఉంది. పెన్షను ప్రతి నెలా వస్తుంది. మోకాళ్ళు మాత్రం ఎరియర్సుతో సహా తిరిగి రావు.

వచ్చే డిసెంబరుకు బృందంగా వెళ్ళదలచినవారు భోజనాల తర్వాత నన్ను కలవండి, తేదీలు కలిసి చూసుకుందాం. సెలవు.