మదనపల్లెలో నొక ఐరిష్ వనిత

1921లో బెజవాడ కాంగ్రెసు సభలో మన కృష్ణాతీరవాసి పింగళి వెంకయ్యగారు గాంధీమహాత్మునకుఁ బతాకమును సమర్పించిరని సగర్వముగాఁ జెప్పుకొందుము గాని, దానికి రెండేండ్లు ముందు, 1919 ఫిబ్రవరిలో, మదనపల్లె కళాశాలలో రవీంద్రుఁడు విడిది చేసియుండఁగా 'జనగణమన'కు స్వరలిపి కూర్చిన మార్గరెట్ కజిన్స్ అను ఐరిష్ వనితను మన మంతగాఁ దలఁపము.

ఐర్లండులోని బాయిల్ అను చిన్న పట్టణమున 1878లో జన్మించి, డబ్లిన్‌లో సంగీతము నభ్యసించి, స్త్రీలకు ఓటుహక్కు కోరుచు సర్కారు భవనముల కిటికీ అద్దములు పగులఁగొట్టి చెఱసాల కేఁగిన యీ సాహసి, కవియగు భర్త జేమ్స్ కజిన్స్‌తోఁ గూడ 1915లో మన దేశమునకు వచ్చెను. అద్దములు పగిలిన చప్పుడు ఆమె సంగీతశిక్షణలోని భాగము కాదు లెండి! మదనపల్లెలో రవీంద్రుఁడు 'జనగణమన'ను స్వయముగాఁ బాడఁగా విని, ఆ స్వరముల నామె కాగితముపైఁ బెట్టినది. దానిని విని రవీంద్రుఁడు మెచ్చెను.