చూసినోళ్లం గమ్మునుంటే...

(ఉపాధి కూలీలు, మేట్లు, సంఘం కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ పొద్దు మనం మాట్లాడుకోవాల్సింది కులం పేరు పెట్టి తిట్టినోడి గురించి కాదు, తిట్టు పడినోడి గురించి కూడా కాదు. వాళ్ల గురించి ప్రతి సభలోనూ మాట్లాడుతూనే ఉన్నాం. ఈ పొద్దు పక్కన నిలబడి చూసినోళ్ల గురించి మాట్లాడుకుందాం.

పని కాడ ఒక మాట పడుతుంది. అనేది ఒకడు, పడేది ఒకరు, చూసేది ముప్పై మంది. ఆ ముప్పై మందీ తలలు వంచుకొని మట్టి ఎత్తుతుంటారు. "మనకెందుకప్పా, గమ్మునుండు" అని ఒకరికొకరు సైగ చేసుకుంటారు. ఆ గమ్మునుండడమే తిట్టినోడి బలం. వాడి నోటికి ధైర్యం వాడి కులం ఒక్కటే ఇవ్వలేదు, మన మౌనం కూడా ఇచ్చింది.

మన జిల్లానే చూద్దాం. ఉపాధి హామీ పథకాన్ని దేశమంతటికీ ఈడనే మొదలుపెట్టినారు. 2006 ఫిబ్రవరి 2న, నార్పల మండలం బండ్లపల్లిలో. వానలు చాలక, చెనక్కాయ ఎండిపోయి, బెంగుళూరు బస్సెక్కే జనానికి ఊర్లోనే పని దొరికింది. అంతకు మించి ఇంకొకటి జరిగింది. పెత్తందారు చేనులో దోసిలి పట్టి నీళ్లు తాగినోళ్లు, బోయ, కురుబ, రెడ్డి ఇండ్లోళ్లతో ఒకే కాలువలో దిగి మట్టి తీసినారు. మస్టరులో పేర్లు ఒకే వరసలో పడినాయి. కొలత ఒకటే, కూలి రేటు ఒకటే.

అయితే నీళ్ల కుండ ఒకటి అయ్యిందా? "ఏమ్మే, కుండ ముట్టద్దు, నేను పోస్తా పట్టు" అనే పని చోట్లు ఇంకా ఉన్నాయి. పథకాల పేర్లు ఢిల్లీలో మారుతుంటాయి. కుండ కాడ మాట మాత్రం ఏ జీవోతోనూ మారదు. అక్కడున్న మనుషులు మార్చాల్సిందే.

చదువుకున్నోళ్ల ఆఫీసుల్లో ఈ మాట ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటుంది. "మీకేమప్పా, గవర్నమెంటు అల్లుళ్లు" అని నవ్వుతూ అంటారు. చుట్టూ ఉన్నోళ్లు కూడా నవ్వుతారు. తమాషా కదా, కోపమెందుకు అంటారు. నవ్విన ప్రతివాడూ ఆ మాటను ఇంకోసారి అన్నట్టే. సముద్రాలు దాటి పోయినోళ్లు దీన్ని మూటగట్టుకొని పోయినారు. అమెరికాలోని సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో కుల వివక్షను నిషేధిస్తూ చట్టం చేయాల్సి వచ్చింది. ఆ దేశంలో నల్లవాళ్లను పని చోట అవమానిస్తే పక్కనోళ్లు ఏం చేయాలో తర్ఫీదు ఇస్తున్నారు. మనమూ ఇచ్చుకుందాం, మన పద్ధతిలో.

కారంచేడు మనకు ఎందుకు గుర్తుండాలి? 1985 జూలై 16న మాదిగోళ్లు తాగే చెరువు నీళ్లను పెత్తందారుల కుర్రోళ్లు పాడు చేస్తుంటే కత్తి చంద్రయ్య అడిగినాడు. అతని మీద పడినారు. నీళ్లకొచ్చిన మున్నంగి సువార్తమ్మ చూసి గమ్మున పోలేదు. ఇదేందని నిలదీసింది. ఆమె మీదికీ వస్తే చేతిలో బిందె ఎత్తింది. తెల్లవారి 17న మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపినారు. మిగిలినోళ్లు చీరాలకు పోయి శిబిరం పెట్టినారు. ఆ దుఃఖంలో నుంచే దళిత మహాసభ పుట్టింది.

ఇందులో మనకు రెండు పాఠాలు. చూసిన మనిషి నోరు తెరిస్తే చరిత్ర కదులుతుంది. ఒక్కరే తెరిస్తే ఆ ఒక్కరి మీదే దెబ్బ పడుతుంది. కాబట్టి రెండో బిందె, మూడో బిందె కూడా లేవాల.

ఇక చట్టం. 1989 అత్యాచారాల నిరోధక చట్టం 1990 జనవరి 30 నుంచి అమల్లో ఉంది. 2015 సవరణ తర్వాత సెక్షన్ 3(1)(ఆర్), 3(1)(ఎస్) కింద కావాలని అవమానించడం, కులం పేరుతో దూషించడం నేరాలు. అయితే అవి పదిమంది కంట పడే చోట జరగాలని చట్టంలోనే ఉంది. 2020 నవంబర్ 5న సుప్రీం కోర్టు ఉత్తరాఖండ్ కేసులో, నాలుగు గోడల మధ్య బయటి మనుషులెవరూ లేకుండా అన్న మాట ఆ సెక్షన్ కిందికి రాదని చెప్పింది. బంధువులు, స్నేహితులు మాత్రమే ఉంటే చాలదనీ గుర్తు చేసింది. అర్థమైందా అన్నా? చూసినోడు లేకపోతే కేసే నిలబడదు. చూసినోడు వేరే కులమోడైతే, చుట్టం కాకపోతే, వాడి సాక్ష్యానికి ఇంకా బరువు. మనం గమ్మునుంటే నేరమే జరగలేదని రాసుకుంటారు.

మరి ఏం చేయాల?

ఒకటి, తిట్టు పడిన మనిషి పక్కకు పోయి నిలబడాల. మాట రాకపోయినా సరే, నిలబడడం కూడా మాటే.

రెండు, అడగాల. కొట్లాట వద్దు. "ఏమన్నావప్పా, ఇంకోసారి చెప్పు, అందరూ వింటారు" అంటే చాలు. ఆడోళ్లైతే కుండ కాడికి కలిసి పోయి, కలిసి ముంచుకొని తాగాల.

మూడు, గుర్తు పెట్టుకోవాల. తారీఖు, చోటు, అన్న మాట, ఎవరెవరు ఉన్నారో ఆ పొద్దే రాసి పెట్టాల. చూసింది చూసినట్టే రాయాల. కోపంతో కలిపిన ఒక్క మాట చాలు, కోర్టులో మొత్తం కూలిపోతుంది.

నాలుగు, సాయంత్రం ఆ ఇంటికి పోవాల. అవమానం పడినోళ్లు ఆ రాత్రి ఒంటరిగా ఉండకూడదు. కేసు పెట్టాలా వద్దా అనేది వాళ్ల నిర్ణయం. పెడతామంటే స్టేషనుకు తోడు పోవాల. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాల్సిందే. దర్యాప్తు చేయాల్సింది డీఎస్పీ స్థాయి అధికారి. సాక్షులకు దారి ఖర్చు, భత్యం 1995 రూల్సులోనే ఉన్నాయి.

భయం మాటేందని అడుగుతారు. నిజమే. విత్తనం అప్పుకు వాళ్ల గడపకే పోవాల, బోరు నీళ్లు వాళ్లవే, చేను కూలి వాళ్లదే. అందుకే ఒంటరిగా ఎవరినీ మాట్లాడమని మేము చెప్పడం లేదు. ప్రతి గుంపులో ముగ్గురు ముందే మాట అనుకోవాల. ఒకరు అడగాల, ఒకరు పక్కన నిలబడాల, ఒకరు రాసుకోవాల. ముగ్గురిలో ఒక్కరైనా వేరే కులం వాళ్లుండాల. బోయన్నా, కురుబక్కా, మిమ్మల్నే అడుగుతున్నాం. ఈ పొద్దు మా మీద పడిన మాట మీకు తగలనట్టే ఉంటుంది, కానీ ఆ నోరు మిమ్మల్నీ కింద పెట్టే నోరే.

మనలో మనం కూడా ఒకటి అనుకోవాల. మాదిగోన్ని తిడితే మాలోడు, మాలోన్ని తిడితే మాదిగోడు పక్కకు చూసే అలవాటు పోవాల. వాటాల మీద మనకున్న వాదం మన వాదం. కుండ కాడ మాత్రం ఇద్దరిదీ ఒకే దాహం.

భోజనాలయినాక గుంపులుగా కూర్చుందాం. ఒకరు మేటుగా, ఒకరు కూలీగా, ముగ్గురు చూసేవాళ్లుగా ఉండి ఆ మాటలు గట్టిగా పలికి చూద్దాం. నాటకం అని నవ్వద్దు. పార పట్టను చెయ్యికి ఎట్ల అలవాటు కావాలో, అడగను గొంతుకూ అట్లనే అలవాటు కావాల. మళ్లీ కలిసే నాటికి ప్రతి పల్లె నుంచి ముగ్గురి పేర్లు తీసుకొని రండి.

జై భీమ్.