ఇంటి చదువు - దేశదేశముల చట్టములు

గడచిన వేసవిలో జర్మనీ దేశమునుండి నా మేనల్లుడు నాకొక లేఖ వ్రాసినాడు. అతడచట ఒక యంత్రశాలలో ఇంజనీరు. అతనికి ఆరేండ్లు నిండిన కుమారుడు కలడు. ఆ బాలుని బడికి పంపక, తెలుగును లెక్కలును తక్కిన పాఠములును తామే యింటివద్ద చెప్పుకొనవలెనని భార్యాభర్తలు తలంచిరట. ఆ మాట విన్న పొరుగువారు, ఆ దేశమున అట్టి పని చెల్లదనియు, అధికారులు ఊరకుండరనియు హెచ్చరించిరట. "మామయ్యా! నా బిడ్డకు నేను చదువు చెప్పుట నేరమెట్లగును? మీకు తాతగారు అరుగుమీదనే చదువు చెప్పలేదా?" అని అతని ప్రశ్న.

చెప్పిన మాట నిజమే. ఎనిమిదవ యేడు వచ్చువరకు నేను బడి గడప త్రొక్కి యెరుగను. మా తాతగారు వేకువనే లేపి ఎక్కములు వల్లె వేయించెడివారు. అరుగుమీద ఇసుక పరచి వ్రేలితో దిద్దించెడివారు. పెద్ద బాలశిక్షలో ముప్పాతికవంతు నాకు ఆ అరుగుమీదనే వచ్చినది. ఆ అరుగును తలంచుకొనగనే "నీ యిష్టము వచ్చినట్లు చేయుము" అని వ్రాయబుద్ధి పుట్టినది. కాని వ్రాయలేదు. కారణము తరువాత మనవి చేసెదను.

పెద్దలారా, ఇంటి చదువు మనకు క్రొత్త కాదు. 1822వ సంవత్సరమున చెన్నపట్టణపు గవర్నరు సర్ థామస్ మన్రో తన యేలుబడిలోని జిల్లాలన్నిటిలో ఎన్ని బడులున్నవో, ఎందరు చదువుచున్నారో లెక్క వ్రాసి పంపుడని కలెక్టర్లను కోరెను. మన తెలుగు జిల్లాలనుండియు లెక్కలు పోయినవి. అన్నియు కూడి 1826లో తేలినదేమనగా, రాజధానియందంతట 12,498 బడులు, వానిలో సుమారు 1,88,000 మంది పిల్లలు. ఇందులో ఒక విశేషమున్నది. చెన్నపట్టణమున ఇండ్లయందే చదువుకొనువారు 26,963 మంది అని ఆ లెక్క చెప్పుచున్నది. అనగా ఆ పట్టణపు బడులలోనివారికంటె ఇంచుమించు అయిదు రెట్లు! ఈ సంఖ్యలో ఏదో పొరపాటుండవచ్చునని మన్రోయే సందేహించెను. నాకును సందేహమే. అయినను సగము కొట్టివేసినను మిగిలినది తక్కువ కాదు. జిల్లాలలో ఇంటివద్ద చదువువారి లెక్క తనకు అందలేదనియు ఆయన వ్రాసెను. మన అరుగుల చదువు ఆ పుస్తకములకు ఎక్కలేదన్నమాట.

అట్లయిన బిడ్డను బడికి పంపితీరవలెనను చట్టము లోకమున ఎట్లు పుట్టెను? దీనికి మొదట పేరు చెప్పవలసినది మేనల్లుడున్న ఆ దేశమే. జర్మనీలో నాడు పెద్ద రాజ్యమైన ప్రష్యాను ఏలిన మొదటి ఫ్రెడరిక్ విలియము 1717లోనే బడులున్న చోట్ల పిల్లలను పంపవలెనని ఉత్తరువు చేసెను. అతని కుమారుడు 1763లో గ్రామ పాఠశాలలకు నిబంధనలను విపులముగా వ్రాయించెను. మన దేశమున బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడు 1906లో తన రాజ్యమంతట నిర్బంధ ప్రాథమిక విద్యను నెలకొల్పెను. దానిని చూచి గోపాలకృష్ణ గోఖలే 1911లో అట్టి చట్టమే దేశమునకంతకు కావలెనని కేంద్ర శాసనసభలో బిల్లు తెచ్చెను. మరుసటి యేట అది 13కు 38 వోట్లతో వీగిపోయెను. పనికి పోవు పిల్లవాని కూలి పోవునని కొందరు, ఖర్చు ఎక్కువని ప్రభుత్వమువారు, ఎవరి కారణములు వారికుండెను. గోఖలే కోరినది ఇంటి చదువును చంపుట కాదు. చదువే లేని బిడ్డను పలక దగ్గరకు చేర్చుట. ఈ భేదమును మనము మరువరాదు.

ఇప్పుడు జర్మనీ సంగతి. 1919 నాటి వారి రాజ్యాంగముననే బడికి పోవుట విధి అని వ్రాయబడెను. 1938లో నాజీ ప్రభుత్వము దేశమంతటికి ఒక్క చట్టము చేసెను. నాజీలు చేసినందువలననే ఈ నిర్బంధము వచ్చినదని కొందరు వాదింతురు గాని అది సగము నిజమే. దానికి వేళ్లు రెండు వందల యేండ్ల లోతున నున్నవి. నేడు ఆయా రాష్ట్రముల చట్టములే ఆ విధిని నిలుపుచున్నవి. మతవిశ్వాసము చేతనో, బడులపై అపనమ్మకము చేతనో పిల్లలను ఇంట నుంచుకొన్నవారికి జరిమానాలు పడును. అంతటితో మానకున్న, బిడ్డలకు సంబంధించిన కొన్ని నిర్ణయములు చేయు హక్కును న్యాయస్థానము తల్లిదండ్రులనుండి తీసివేయవచ్చును. 2013లో ఒక యింటి పిల్లలను అధికారులు తీసికొనిపోయి మూడు వారములు వేరుగ నుంచిరి. ఆ తల్లిదండ్రులు ఐరోపా మానవహక్కుల న్యాయస్థానమునకు పోయిరి. 2019 జనవరిలో ఆ న్యాయస్థానము జర్మనీ ప్రభుత్వము హద్దు మీరలేదని తీర్పు చెప్పెను. అంతకుముందు 2006లో మరియొక కుటుంబము విషయమునను అదే న్యాయస్థానము అర్జీని త్రోసిపుచ్చెను. బిడ్డ తనవంటి వారితోనే కాక, తనకు భిన్నులైన వారితోను కలిసి మెలసి పెరుగవలెననియు, సంఘము ముక్కలు ముక్కలుగా విడిపోరాదనియు ఆ దేశపువారు చెప్పు కారణము అందు అంగీకరింపబడినది.

మరొక జర్మను కుటుంబము అమెరికాకు పోయి ఆశ్రయము కోరెను. 2010లో ఒక న్యాయాధికారి ఇచ్చెను, పైవారు కొట్టివేసిరి, 2014 మార్చిలో అచటి సుప్రీము కోర్టు ఆ కేసును విననొల్లదయ్యెను. ఆ మరునాడే ప్రభుత్వమువారు ఆ కుటుంబమును దేశమున ఉండనిత్తుమని చెప్పిరట! చట్టమున ఓడి దయచే గెలిచిరన్నమాట.

అమెరికాలో తీరు వేరు. 1852లో మసచుసెట్స్‌తో మొదలై 1918లో మిసిసిపీతో రాష్ట్రములన్నియు బడి నిర్బంధము చేసెను. అయినను 1972లో విస్కాన్సిన్ రాష్ట్రమునకు చెందిన ఆమిష్ మతస్థుల కేసున సుప్రీము కోర్టు తల్లిదండ్రుల పక్షము వహించెను. వారు సేద్యము చేసికొని బ్రతుకు సాత్వికులు. ఎనిమిదవ తరగతి పిమ్మట బిడ్డలను పంపమనిరి. తలకు అయిదు డాలర్లు జరిమానా పడెను. అయిదు డాలర్లకై అత్యున్నత న్యాయస్థానము వరకు పోయినవారి పట్టుదలను మన పల్లెలలో గట్టు తగవులెరిగినవారు సులభముగనే గ్రహింతురు. నేడు అమెరికా రాష్ట్రములన్నిటను ఇంటి చదువు చట్టసమ్మతమే. న్యూయార్కులో మూడు నెలలకొకసారి నివేదిక పంపుకొనవలెను. టెక్సాస్‌లో ఎవరికిని తెలుపనక్కరలేదు.

ఇంగ్లండు చట్టమున నాకు మిక్కిలి నచ్చినది ఒక చిన్న మాట. 1944 విద్యా చట్టమున, బిడ్డకు వయస్సునకును శక్తికిని తగిన చదువు చెప్పించుట తల్లిదండ్రుల విధి అని చెప్పి, అది బడికి పంపుటచేత గాని మరియొక విధముగ గాని జరుగవచ్చునని వ్రాసిరి. ఆ "మరియొక విధముగ" అనుమాట 1996 చట్టమునను నిలిచినది. ఇంటి చదువువారి కోటకు తలుపు అదియే. అయితే చదువు చక్కగా సాగుటలేదని స్థానికాధికారులకు తోచినచో బడికి పంపుమని ఉత్తరువు చేయగలరు. విధి చదువునకే గాని బడికి కాదు. చదువు లేనిచోట బడి తప్పదు. ఐర్లండువారు 1937 రాజ్యాంగమున ఇంచుమించు ఇట్లే వ్రాసికొనిరి. ఫ్రాన్సులో 1882నుండి ఇంట చెప్పుకొనుటకు స్వేచ్ఛ యుండెను. ముందుగా తెలిపిన చాలును. 2021లో చట్టము మార్చి, 2022నుండి అనుమతి పొందవలెననిరి. స్వీడనువారు 2010 చట్టముచే, మిక్కిలి అసాధారణమైన కారణమున్ననే గాని వీలులేదనిరి. లోకము ఒక త్రోవనే నడచుచున్నదని చెప్పుటకు వీలులేదు.

ఇక మన సంగతి. 2002 నాటి 86వ సవరణతో ఆరునుండి పదునాలుగేండ్ల వరకు చదువు బిడ్డ హక్కు అయినది. ఆ సవరణయే తల్లిదండ్రులకొక విధిని చేర్చి, బిడ్డకు విద్యావకాశములు కల్పింపవలెనని చెప్పెను. "బడి" అనలేదు, గమనింపుడు. కాని 2009లో చేసి 2010 ఏప్రిలు 1వ తేదీనుండి అమలుపరచిన విద్యాహక్కు చట్టపు 10వ సెక్షను, బిడ్డను దగ్గరి బడిలో చేర్చుట ప్రతి తల్లికిని తండ్రికిని విధి యని చెప్పుచున్నది. చేర్చనివారికి శిక్షను మాత్రము ఆ చట్టమున ఎచ్చటను వ్రాయలేదు. వేదపాఠశాలలను, మదరసాలను 2012 సవరణ విడిగా నుంచినది. కావున ఇంట చెప్పుకొనువారిని మన చట్టము పిలువదు, తరుమదు. పదునాలుగేండ్లు నిండినవాడు జాతీయ సార్వత్రిక విద్యాసంస్థవారి పరీక్షకు ఇంటినుండియే చదివి కూర్చుండవచ్చును.

గాంధీ మహాత్ముడు దక్షిణాఫ్రికాలో తన బిడ్డలకు చదువు ఇంటనే చెప్పదలచెను. తీరిక చాలలేదు. ఈ విషయమున కుమారులందరికిని తనపై ఫిర్యాదున్నదని ఆత్మకథలో ఆయనయే దాపరికము లేక వ్రాసికొనెను. అంతటివాని యింటనే అట్లయినది.

నేను మేనల్లునికి "నీ యిష్టము" అని ఏల వ్రాయలేదో ఇప్పుడు చెప్పెదను. నాకొక చెల్లెలున్నది. నన్ను బడిలో చేర్చిన యేట ఆమెకు ఆరేండ్లు. ఊరి పంతులుగారు మా యింటికి వచ్చి, "పాపను కూడ పంపరాదా?" అనిరి. మా తాతగారు "ఇంటివద్ద చెప్పుచున్నాము" అనిరి. ఆయన అబద్ధమాడు మనిషి కారు, చెప్పవలెననియే యుండెను. రెండు వారములు ఇసుకలో దిద్దించిరి కూడ. అంతలో తమ్ముడు పుట్టెను. ఉయ్యాల యూపుటకు ఆమె కావలసివచ్చినది. ఆ తరువాత దూడ, ఆ తరువాత వంటిల్లు. ఇసుక మాత్రము ఆ అరుగుమీద నాకొరకు చాల నాళ్లుండెను. పంతులుగారు మరల రాలేదు; వచ్చి "ఏమి చెప్పినారు, చూపుడు" అని అడుగు హక్కు ఆయనకు నాడు లేదు. "ఇంటివద్ద చెప్పుచున్నాము" అను ఆ మూడు మాటలతో ఆమె చదువు ముగిసినది.

ఆ చెల్లెలి కుమారుడే ఈ మేనల్లుడు. అతని లేఖను ఆమెకు నేనే చదివి వినిపింపవలసివచ్చినది. ఆమె రెండుసార్లు చదివించుకొని, "వాడు చెప్పగలడు, చదువుకొన్నవాడు గదా. కాని ఎవరైన వచ్చి చూచుదురా?" అని అడిగినది. ఆ ప్రశ్ననే ఉత్తరమున వ్రాసి, దానిక్రింద పైన మీకు చెప్పిన జర్మనీ తీర్పులు రెండును వ్రాసి పంపినాను. బాలుని బడిలో చేర్చినారు. సాయంకాలము బడి విడిచి వచ్చిన తరువాత తండ్రి తెలుగు దిద్దించుచున్నాడు. గత నెలలో వచ్చిన లేఖ అడుగున వంకరటింకర అక్షరములతో ఒక పంక్తి నాయనమ్మ పేర నున్నది. దానిని కూడ నేనే చదివి చెప్పితిని.