ట్రాలీ లైట్లు సరిగ్గా వెలగట్లేదా? ముందు ఎర్త్ చూడండి

పత్తి సీజన్‌ల ఆదిలాబాద్, జమ్మికుంట మార్కెట్లకు ట్రాక్టర్లు రాత్రిపూట కూడా పోతుంటయి. వెనక లైటు లేని ట్రాలీ రోడ్డు మీద ఆగితే, బైక్ మీద వచ్చేటోనికి దగ్గరికొచ్చేదాకా కనపడదు. ప్రాణాల మీదికి వస్తది.

ఇండికేటర్ వేస్తే బ్రేక్ లైటు కూడా కొట్టుకుంటుందా? అన్నీ మసకగా ఉన్నాయా? బల్బులు మార్చకండి, ముందు ఎర్త్ చూడండి. చాలా ట్రాలీలకు ఎర్త్ హుక్కు మీదుగానే పోతది. అక్కడ తుప్పు, గ్రీజు ఉంటే కరెంట్ సరిగ్గా అందదు. బ్యాటరీ మైనస్ నుంచి ఒక వైరు తెచ్చి, ట్రాలీ బాడీ మీద పెయింట్ గీకిన చోట తాకించండి. లైట్లు బాగా వెలిగితే దోషం దొరికినట్టే. ఎర్త్‌కు వేరే వైరు వేయించండి. సాకెట్ పిన్నులకు పచ్చ చిలుము పడితే శాండ్ పేపర్‌తో రుద్దండి. ఫ్యూజ్ ఊకె పోతుంటే పెద్ద ఫ్యూజ్ వేయొద్దు, వైరు కాలిపోతది. వైరు ఎక్కడ ఒరుసుకుపోయి బాడీకి తాకుతుందో వెతకండి.

ఇక బ్రేకు. ట్రాలీకి హైడ్రాలిక్ బ్రేకు ఉంటే, పైపు కప్లర్ పూర్తిగా పడిందా చూడండి. ఖాళీ ట్రాలీతో, ఖాళీ జాగల మెల్లగా నడిపి బ్రేకు తొక్కండి. ట్రాలీ వెనక నుంచి నెట్టినట్టు అనిపిస్తే బ్రేకు పట్టట్లేదన్నట్టు. ఆయిల్ కారుతుందా, పైపుల గాలి చేరిందా మెకానిక్‌కు చూపించండి.

ఇవన్నీ లోడ్ ఎక్కకముందే చూడాలె. వెనక ఎర్ర రిఫ్లెక్టర్ స్టిక్కర్ కూడా అతికించండి, లైటు పోయినా అది కనపడతది. వీడియోను మీ ఊరి ట్రాక్టర్ డ్రైవర్లకు పంపండి. ఉంటా మరి.